జుహు ఎయిర్‌ఫీల్డ్ ఆయిల్ హెలికాప్టర్ల అడ్డా ఎలా అయింది?

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. ముంబైలో అంత పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయం ఉండగా, దాని పక్కనే ఉన్న బుల్లి జుహు నుంచి ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ హెలికాప్టర్లు ఎందుకు ఎగురుతున్నాయి? ఆ ఎయిర్‌ఫీల్డ్‌ను చమురు కోసమే కట్టారా? దాన్ని ఎప్పటికైనా అక్కడి నుంచి తరలించే అవకాశం ఉందా? నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆఫ్‌షోర్‌లోనే, అంటే సముద్రంలోని చమురు ప్లాట్‌ఫాంల మీదే గడిచింది. షిఫ్ట్‌కు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ జుహు గుండానే తిరిగాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

ముందు రెండో ప్రశ్న. చమురు కోసం కట్టలేదు. జుహు 1928లో మొదలైంది. ముంబైకి పడమట సముద్రంలో ఉన్న బాంబే హై క్షేత్రంలో చమురు దొరికింది 1974లో. మధ్యలో నలభై ఆరేళ్లు ఉన్నాయి. ఆ కాలంలో జుహు ఒక మహానగరానికి ఏకైక విమానాశ్రయంగా బతికింది, ఆ తర్వాత ఆ హోదా పోగొట్టుకుంది, ఫ్లయింగ్ క్లబ్ మైదానంగా మిగిలింది. పెద్ద విమానాలకు సరిపోదని వదిలేయడం వల్లే హెలికాప్టర్లకు ఖాళీగా దొరికింది. నా దృష్టిలో జుహు కథలో కీలకం ఇదే. ఇది తెలియకపోతే మీ మొదటి ప్రశ్నకు జవాబు అర్థం కాదు.

1928లో అక్కడ ఉన్నది సముద్రం పక్కన చదునైన బురద నేల. దేశంలో పౌర విమానాల కోసం ఏర్పడిన మొదటి ఎయిర్‌ఫీల్డ్ అదే. బాంబే ఫ్లయింగ్ క్లబ్ కూడా అదే ఏడాది అక్కడ మొదలైంది. 1929 ఫిబ్రవరిలో జె.ఆర్.డి. టాటా పైలట్ లైసెన్స్ తీసుకున్నది ఆ క్లబ్ నుంచే. భారతదేశంలో జారీ అయిన మొదటి లైసెన్స్ అది, దాని మీద నంబర్ 1 అని ఉంటుంది.

తర్వాత 1932 అక్టోబర్ 15. ఈ తేదీ గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. ఆ రోజు జె.ఆర్.డి. టాటా ఒక చిన్న పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి బయల్దేరి, అహ్మదాబాద్‌లో ఆగి, ఉత్తరాల సంచులతో జుహులో దిగారు. కరాచీ నుంచే ఎందుకంటే, ఇంగ్లండ్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ తెచ్చే టపా అక్కడి దాకానే వచ్చేది. జుహు నుంచి ఆ టపాను నెవిల్ వింట్‌సెంట్ అనే పైలట్ బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకెళ్లారు. తర్వాతి కాలంలో ఎయిర్ ఇండియాగా మారిన సంస్థ ఈ సర్వీసుతోనే మొదలైంది. అప్పుడు జుహులో టెర్మినల్ లేదు, ఒక పూరి పాకే ఆఫీసు. వానాకాలం వస్తే మైదానం నీళ్లలో మునిగిపోయేది. అందుకని వర్షాల నెలల్లో మొత్తం సర్వీసును పూనాకు మార్చుకునేవాళ్లు.

జుహు నీళ్లలో మునగడమన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. డెబ్భై ఏళ్ల తర్వాత అదే సమస్య ఎంత దూరం వెళ్లిందో కింద చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధం దాకా బొంబాయికి జుహు ఒక్కటే. యుద్ధకాలంలో రాయల్ ఎయిర్ ఫోర్స్ వాడిన శాంతాక్రూజ్ మైదానం జుహుకు తూర్పున రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. దానికి విస్తీర్ణం ఎక్కువ, రన్‌వేలు పొడవు. 1948లో ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి మారిపోయాయి. నేటి ఛత్రపతి శివాజీ మహారాజ్ అంతర్జాతీయ విమానాశ్రయం అదే. జుహులో ఫ్లయింగ్ క్లబ్, కొన్ని ప్రైవేటు విమానాలు, పాత హ్యాంగర్లు మిగిలాయి.

జుహు మెయిన్ రన్‌వే పొడవు సుమారు 1,143 మీటర్లు. దాన్ని అడ్డంగా కోస్తూ ఇంకా చిన్న రన్‌వే మరొకటి ఉంది. శాంతాక్రూజ్ మెయిన్ రన్‌వే మూడు కిలోమీటర్లకు పైనే. జెట్ విమానాల కాలం వచ్చాక ఈ తేడా ఏమిటో రెండుసార్లు అందరికీ అర్థమైంది. రన్‌వేలకు పెట్టే నంబర్లు దిక్సూచి దిశను సూచిస్తాయి. జుహుది 08, శాంతాక్రూజ్‌ది 09. అంటే రెండూ దాదాపు ఒకే దిశలో ఉన్నాయి. సముద్రం వైపు నుంచి వచ్చే పైలట్‌కు ముందుగా కనిపించేది జుహు. 1953 జూలైలో బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీ వారి కామెట్ జెట్ ఒకటి శాంతాక్రూజ్ అనుకుని జుహులో దిగిపోయింది. అదృష్టవశాత్తూ ఆగింది. తర్వాత బరువు తగ్గించుకుని, కొద్ది రోజులకు అక్కడి నుంచి లేచి వెళ్లింది. 1972 సెప్టెంబర్ 24న జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 కూడా ఇలాగే పొరపడి జుహులో దిగింది. ఇది మాత్రం ఆగలేక రన్‌వే చివర దాటిపోయింది. ప్రాణనష్టం జరగలేదు గానీ విమానం మళ్లీ ఎగరడానికి పనికిరాలేదు. అప్పటికి చాలామందికి జుహు ఒక అడ్డుగా అనిపించి ఉంటుంది. పెద్ద విమానాశ్రయం పక్కన, దానిలాగే కనిపించే చిన్న రన్‌వే ఎందుకు అని.

సరిగ్గా ఆ సమయంలోనే సముద్రంలో కథ మారుతోంది. 1960ల్లో సోవియట్ సర్వే నౌక సాయంతో ఖంభాత్ సింధుశాఖ, బొంబాయి తీరం దగ్గర చేసిన భూకంప తరంగాల సర్వేల్లో సముద్రం అడుగున పెద్ద రాతి గుమ్మటం లాంటి నిర్మాణం బయటపడింది. దాన్ని తవ్వడానికి ఓఎన్‌జీసీ జపాన్‌లో ‘సాగర్ సామ్రాట్’ అనే జాక్-అప్ రిగ్ (సముద్రం అడుగున కాళ్లు ఆనించి నిలబడి బావులు తవ్వేది) కట్టించుకుంది. 1974 ఫిబ్రవరిలో ఆ రిగ్ బాంబే హైలో చమురు కనుక్కుంది. 1976 మేలో ఉత్పత్తి మొదలైంది. 1973 చమురు సంక్షోభం తర్వాత దిగుమతుల బిల్లు దేశాన్ని ఎంత ఇబ్బంది పెట్టిందో ఆ తరంవాళ్లకు తెలుసు. అందుకే బాంబే హై పనులు అంత తొందరగా జరిగాయి.

కానీ బాంబే హై తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్లాట్‌ఫాంల మీద, రిగ్గుల మీద మనుషులు పగలూ రాత్రీ ఉండాలి. రెండు వారాలు డ్యూటీ, రెండు వారాలు సెలవు. అంటే ఎప్పుడూ ఎవరో ఒకరు వెళ్తూ ఉంటారు, ఎవరో ఒకరు వస్తూ ఉంటారు. పడవలో పంపితే ఎక్కువ గంటలు పడుతుంది. చేరాక కూడా క్రేన్‌కు కట్టిన బుట్టలో మనిషిని పైకి లాగాలి. అలలు పెద్దగా ఉన్నప్పుడు ఆ బుట్ట ఎక్కడమంటే నాకు ఎప్పుడూ టెన్షనే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అరేబియా సముద్రంలో అలలు పెద్దగానే ఉంటాయి. కాబట్టి మనుషులకు హెలికాప్టరే దారి.

ఇక్కడ పని మూడు చోట్లకు పంచుకున్నట్టు జరిగింది. సామాను, పైపులు, డ్రిల్లింగ్ మడ్ (బావి తవ్వేటప్పుడు వాడే ద్రవం), తిండి సరుకులు అన్నీ ముంబై దగ్గరి న్హావా సప్లయి బేస్ నుంచి ఓడల్లో వెళ్తాయి. చమురు, గ్యాస్ పైప్‌లైన్లలో ఉరణ్‌కు వస్తాయి. మనుషులు జుహు నుంచి వెళ్తారు. ఈ మూడింటిలో ఏది ఆగినా ఫీల్డ్ నడవదు, కానీ మొదటి రెండింటి గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. జుహు సంగతి ప్రమాదం జరిగిన రోజునే పేపర్లలో వస్తుంది.

ఇక మొదటి ప్రశ్న: శాంతాక్రూజ్ ఉండగా జుహు ఎందుకు? అక్కడ రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, కాబట్టి ఒక సమయంలో ఆచరణలో ఒక్కదాన్నే వాడుతారు. దేశంలో అత్యంత రద్దీగా ఉండే రన్‌వేల్లో అదొకటి. రెండు నిమిషాలకో జెట్ దిగుతున్న చోట, వాటికంటే చాలా నెమ్మదిగా వచ్చే హెలికాప్టర్‌ను మధ్యలో దూర్చాలంటే కంట్రోలర్‌కు నరకం. జెట్ వెనక లేచే గాలి సుడుల్లో చిన్న హెలికాప్టర్ చిక్కుకుంటే ఇంకా ప్రమాదం. అదే జుహులో అయితే పొడవైన రన్‌వే అవసరం లేదు. హ్యాంగర్లు ఉన్నాయి, హెలికాప్టర్లను నిలిపే ఖాళీ ఆప్రాన్ ఉంది, పక్కనే సముద్రం. లేచిన కొద్ది నిమిషాల్లోనే ఇళ్ల మీద నుంచి బయటపడి నీళ్ల మీదికి వెళ్లిపోవచ్చు. ఊరిలోనే ఉండటం వల్ల డ్యూటీకి వచ్చేవాళ్లకు అందుబాటులో ఉంటుంది. 1,143 మీటర్లు డీసీ-8ను ఆపడానికి చాలలేదు గానీ, హెలికాప్టర్‌కు అది కావలసినదానికంటే ఎక్కువే. నిండా బరువుతో ఉన్న హెలికాప్టర్ కొంత దూరం ముందుకు పరుగెత్తి లేస్తే ఇంజిన్ మీద భారం తగ్గుతుంది. అందుకని చిన్న హెలిప్యాడ్ కంటే రన్‌వే ఉన్న చోటే వాళ్లకు మేలు.

మొదట్లో ఓఎన్‌జీసీ ఈ పనికి విదేశీ ఆపరేటర్ల హెలికాప్టర్ల మీద ఆధారపడింది. ఇందులో విదేశీ మారకం ఖర్చు ఎక్కువ. ఒక దశలో మన దేశానికే సొంత హెలికాప్టర్ కంపెనీ ఉండాలన్న ఆలోచన బలపడింది. అలా 1985 అక్టోబర్ 15న హెలికాప్టర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా రిజిస్టర్ అయింది. అదే తర్వాత పవన్ హన్స్. తేదీ చూశారు కదా, టాటా జుహులో దిగిన రోజుకు సరిగ్గా 53 ఏళ్లు. ఇది కావాలని ఎంచుకున్నారో, అలా కలిసొచ్చిందో గానీ జుహులో పనిచేసినవాళ్లు ఈ సంగతి కొత్తవాళ్లకు చెప్పకుండా ఉండరు. పవన్ హన్స్ మరుసటి ఏడాది ఓఎన్‌జీసీ పనులు మొదలుపెట్టింది.

పవన్ హన్స్ తొలి రోజుల్లో వెస్ట్‌ల్యాండ్ కథ ఒకటుంది, అది చెప్పకపోతే ఈ చరిత్ర సగమే. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చిన సాయంతో ఆ దేశపు వెస్ట్‌ల్యాండ్ కంపెనీ నుంచి 21 వెస్ట్‌ల్యాండ్-30 హెలికాప్టర్లు కొన్నారు. ఆ సాయం సుమారు 6.5 కోట్ల పౌండ్లు. వెస్ట్‌ల్యాండ్ అప్పుడు ఆర్థికంగా కష్టాల్లో ఉంది. బ్రిటన్ సాయం వెనక సొంత కంపెనీని నిలబెట్టుకోవాలన్న ఆలోచన కూడా ఉందన్న విమర్శ ఆ దేశంలోనే వచ్చింది. హెలికాప్టర్లు వచ్చాయి గానీ వాటి విశ్వసనీయత మీద మొదటి నుంచీ అసంతృప్తి ఉంది. 1988లో ఒకటి, 1989లో ఒకటి కూలిపోయాయి. ఆ తర్వాత మొత్తం వెస్ట్‌ల్యాండ్‌లను నేల మీదే నిలిపేశారు. ఏళ్ల తరబడి ఎగరకుండా పడి ఉన్నాక, కొన్నదాంట్లో అతి చిన్న వంతు ధరకు మళ్లీ బ్రిటన్‌కే అమ్మేశారు. ఉచితంగా వచ్చిన వస్తువు కూడా ఎంత ఖరీదవుతుందో దీన్ని చూసి తెలుసుకోవచ్చు.

ఫ్రాన్స్ నుంచి కొన్న డాఫిన్ హెలికాప్టర్లు మాత్రం నిలబడ్డాయి. రెండు ఇంజిన్లు, తోకలో గుండ్రటి చట్రంలో అమర్చిన ఫ్యాన్, లోపలికి ముడుచుకునే చక్రాలు. ఇరుకుగా ఉండేది. మోకాళ్లు ఎదుటివాళ్ల మోకాళ్లకు తగిలేవి. ఒక తరం ఓఎన్‌జీసీ ఉద్యోగులకు చాపర్ అంటే డాఫినే. తర్వాతి కాలంలో ఇతర ప్రైవేటు ఆపరేటర్లు కూడా జుహులో అడుగుపెట్టారు. బెల్-412లు, ఎంఐ-172లు, సికోర్‌స్కీలు, ఏడబ్ల్యూ-139లు అన్నీ ఆ ఆప్రాన్ మీద నిలబడ్డాయి. పవన్ హన్స్‌లో కేంద్ర ప్రభుత్వానికి 51 శాతం, ఓఎన్‌జీసీకి 49 శాతం వాటా ఉంది. అంటే ప్రధాన కస్టమరే సగం యజమాని కూడా. ఇది మంచిదా కాదా అన్నదాని మీద రెండు వాదనలున్నాయి. నాకైతే సేఫ్టీ విషయంలో అద్దెకిచ్చేవాడు, అద్దెకు తీసుకునేవాడు వేర్వేరుగా ఉండి ఒకరినొకరు నిలదీసుకోవడమే మంచిదనిపిస్తుంది.

1982 అక్టోబర్ 15న ఇంకో చిన్న ఘట్టం జరిగింది. మొదటి టపా ప్రయాణానికి యాభై ఏళ్లయిన సందర్భంగా, 78 ఏళ్ల వయసులో జె.ఆర్.డి. టాటా ఒంటరిగా పాతకాలపు లెపర్డ్ మాత్ విమానంలో మళ్లీ కరాచీ నుంచి వచ్చి జుహులో దిగారు. అప్పటికే బాంబే హై నుంచి ఆరేళ్లుగా చమురు వస్తోంది. జుహు పాత జీవితం, కొత్త జీవితం ఒకే మైదానంలో కలిసిన రోజు అది.

బయటి నుంచి చూసేవాళ్లకు జుహులో రోజు ఎలా నడుస్తుందో తెలియదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మానిఫెస్ట్‌లో, అంటే ప్రయాణికుల జాబితాలో పేరు ఉంటేనే లోపలికి. మనిషినీ బ్యాగునూ కలిపి తూకం వేస్తారు. ఎందుకంటే హెలికాప్టర్‌లో ప్రతి కిలో లెక్కే. వెళ్లేటప్పుడు ఇంధనం తిరిగి రావడానికి సరిపోవాలి, వాతావరణం చెడితే వేరే చోటికి మళ్లడానికీ మిగలాలి. ఇంధనం పెంచితే మనుషులు తగ్గాలి. మీరు లావుగా ఉంటే మీ వెనకవాడి సీటు పోతుందని కౌంటర్ దగ్గర జోకులు పేలుతుంటాయి. తర్వాత సేఫ్టీ వీడియో, లైఫ్ జాకెట్, చెవులకు మఫ్స్. రెక్కలు తిరుగుతుండగానే వంగి నడిచి ఎక్కాలి. తోక వైపు అడుగు వేయకూడదు. ఫీల్డ్‌కు నలభై నిమిషాల నుంచి గంట పడుతుంది, ఏ ప్లాట్‌ఫాం అన్నదాన్నిబట్టి. అక్కడ హెలిడెక్ (హెలికాప్టర్ దిగే వేదిక) మీద ఫైర్ సిబ్బంది సిద్ధంగా నిలబడ్డాక, డెక్ క్లియర్ అని రేడియోలో చెప్పాకే దిగుతుంది.

దీనికి ముందు అసలు పరీక్ష ఒకటుంది. నీటిలో బోల్తాపడ్డ హెలికాప్టర్ నుంచి బయటపడే శిక్షణ అది. ఓఎన్‌జీసీకి గోవాలో ఒక సేఫ్టీ సంస్థ ఉంది. మిమ్మల్ని ఒక బోను లాంటి క్యాబిన్‌లో కూర్చోబెట్టి, బెల్ట్ పెట్టి, నీటిలోకి దించి తలకిందులు చేస్తారు. ఒక చేయి కిటికీ అంచు మీద, ఒక చేయి బెల్ట్ బకిల్ మీద ఉంచి, కదలిక ఆగేదాకా ఓపిక పట్టి, అప్పుడు బయటికి రావాలి. హెలికాప్టర్‌కు ఇంజిన్లు, గేర్‌బాక్స్, రోటర్ అన్నీ పైభాగంలో ఉంటాయి. బరువంతా పైన ఉండటం వల్ల నీళ్లలో పడితే తిరగబడటమే దాని స్వభావం. బయట గాలి నింపుకునే ఫ్లోట్లు ఉంటాయి గానీ, పెద్ద అలల్లో అవి ఉన్నా తిరగబడవచ్చు. ఈత వచ్చినవాళ్లు కూడా మొదటిసారి నీళ్లు మింగుతారు. ఆఫ్‌షోర్ ఉద్యోగం వచ్చిన పిల్లలు నన్ను ఏం నేర్చుకోవాలని అడిగితే నేను చెప్పే మాట ఒకటే: ఆ శిక్షణను సర్టిఫికెట్ కోసం కాకుండా నిజంగా చేయండి.

దానికి కారణాలు జుహు చరిత్రలోనే ఉన్నాయి. 2003 ఆగస్టు 11న ఓఎన్‌జీసీ సిబ్బందితో వెళ్తున్న ఎంఐ-172 సముద్రంలో కూలి 27 మంది చనిపోయారు. 2015 నవంబర్‌లో రాత్రి శిక్షణలో ఉన్న డాఫిన్ సముద్రంలో పడి ఇద్దరు పైలట్లు పోయారు. 2018 జనవరి 13న జుహు నుంచి లేచిన డాఫిన్‌తో కాసేపటికే సంబంధం తెగిపోయింది, అది సముద్రంలో కూలింది. ఐదుగురు ఓఎన్‌జీసీ అధికారులు, ఇద్దరు పైలట్లు, మొత్తం ఏడుగురూ మరణించారు. 2022 జూన్ 28న సికోర్‌స్కీ ఎస్-76డీ సాగర్ కిరణ్ రిగ్ దగ్గర సముద్రంలో దిగాల్సి వచ్చింది. అందులో ఉన్న తొమ్మిది మందిలో ఐదుగురు బయటపడ్డారు, నలుగురు పోయారు. ఆ ఐదుగురినీ దగ్గరలో ఉన్న ఓడ, రిగ్ నుంచి వెళ్లిన పడవ కాపాడాయి. నీళ్లలో పడ్డాక బయటికి రావడం ఎంత ముఖ్యమో, బయటికి వచ్చినవాళ్ల దగ్గరికి పడవ తొందరగా చేరడం అంతే ముఖ్యం.

ఇప్పుడు నీళ్ల సంగతికి వస్తాను. 2005 జూలై 26న ముంబైలో కురిసిన వాన మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. శాంతాక్రూజ్ వాతావరణ కేంద్రంలో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు నమోదైంది. వాతావరణం వల్ల తీరంలోని హెలికాప్టర్లు ఎగరలేని పరిస్థితి. మరుసటి రోజు బాంబే హై నార్త్ దగ్గర పనిచేస్తున్న ‘సముద్ర సురక్ష’ అనే ఓడలో ఒక వంటవాడికి వేళ్లు తెగాయి. మామూలు రోజైతే హెలికాప్టర్ వచ్చి నేరుగా ఓడ నుంచే ఆయన్ని తీసుకెళ్లేది. అది వచ్చే దారి లేదు. అందుకని ఆయన్ని బుట్టలో ఎక్కించి, క్రేన్‌తో ప్లాట్‌ఫాం మీదికి పంపి, అక్కడ వైద్యం చేయిద్దామనుకున్నారు. దానికోసం ఓడ ప్లాట్‌ఫాంకు బాగా దగ్గరగా రావాల్సి వచ్చింది. బుట్ట చేరింది. కానీ వెనక్కి వెళ్లే సమయంలో ఓడ అదుపు తప్పి ప్లాట్‌ఫాంకు కొట్టుకుంది. ఓడ మీదున్న హెలిడెక్ అంచు, సముద్రం అడుగు నుంచి ప్లాట్‌ఫాంకు వచ్చే గ్యాస్ రైజర్ పైపులకు తగిలింది. గ్యాస్ లీకై అంటుకుంది. రెండు గంటల్లోపే ప్లాట్‌ఫాం మొత్తం కాలి కూలిపోయింది. ఓడ కూడా కొద్ది రోజులకు మునిగింది. ప్లాట్‌ఫాం దగ్గరున్న హెలికాప్టర్ కూడా మంటల్లో పోయింది. 22 మంది చనిపోయారు. 360 మందికి పైగా బతికారు. ఆ వాతావరణంలో వాళ్లలో చాలామందిని సముద్రం మీద నుంచే కాపాడాల్సి వచ్చింది.

ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి: ఓడ నియంత్రణలో లోపం, ఓడలు ఆగే వైపే రక్షణ లేకుండా ఉన్న రైజర్లు, ఆ వాతావరణంలో దగ్గరికి రానివ్వాలన్న నిర్ణయం. జుహులో హెలికాప్టర్లు నిలిచిపోవడం ఆ గొలుసులో మొదటి లంకె మాత్రమే. కానీ అది తెగి ఉంటే మిగతావి కలిసేవి కావని నేను నమ్ముతాను. 1930ల్లో వానలకు మునిగే మైదానాన్ని వదిలి పూనాకు వెళ్లిపోయే వీలు టపా విమానాలకు ఉంది. ప్లాట్‌ఫాం మీద ఉన్న మనిషికి అలాంటి వీలు లేదు. ప్రయాణికుల ఎయిర్‌పోర్టు ఒక రోజు మూతబడితే టికెట్లు రద్దవుతాయి. ఆఫ్‌షోర్ బేస్ ఒక రోజు మూతబడితే అక్కడి నుంచి గాయపడ్డవాళ్లను తెచ్చే దారి మూతబడుతుంది. ఈ తేడా ప్రణాళికలు వేసేవాళ్లు ఎప్పుడూ దృష్టిలో పెట్టుకోవాలి.

చివరిగా తరలింపు విషయం. జుహు చుట్టూ ఊరు దట్టంగా పెరిగిపోయింది. విమానాల దారికి అడ్డు రాకుండా చుట్టుపక్కల భవనాల ఎత్తు మీద ఆంక్షలున్నాయి. పాత భవనాలను పడగొట్టి ఎత్తుగా కట్టుకోలేకపోతున్నామని అక్కడివాళ్లు చాలా కాలంగా మొత్తుకుంటున్నారు. వాళ్ల బాధలో న్యాయం లేదనలేను. జుహులోనూ పెద్ద విమానాశ్రయంలోనూ ట్రాఫిక్ కలవకుండా చూడాలి కాబట్టి, చాపర్ సిద్ధంగా ఉన్నా ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ) అనుమతి కోసం రెక్కలు తిప్పుతూ నిలబడటం మామూలే. బాంబే ఫ్లయింగ్ క్లబ్ కూడా విద్యార్థుల శిక్షణను ధూలేకు తీసుకెళ్లింది, ఎందుకంటే ఇంత రద్దీ ఆకాశంలో నేర్చుకునేవాళ్లకు చోటు దొరకదు. మరోవైపు రన్‌వేను సముద్రంలోకి పొడిగించాలన్న ప్రతిపాదన కూడా ఒకప్పుడు వచ్చింది. నాకు అది ఎప్పుడూ అర్థం కాలేదు. పొడిగిస్తే చిన్న విమానాలు వస్తాయి, అవి వస్తే హెలికాప్టర్లకు ఉన్న ఒకే ఒక్క సౌకర్యం, అంటే ఖాళీ, పోతుంది.

నవీ ముంబై విమానాశ్రయం వచ్చింది కదా, అక్కడికి మార్చవచ్చు కదా అని కొందరు అడుగుతారు. మ్యాప్ చూడండి. నవీ ముంబై తూర్పున ఉంది, బాంబే హై పడమట. ఊరంతా దాటి సముద్రం చేరాలి. ఒక్కో ప్రయాణానికి రానూ పోనూ కలిపి అరవై, డెబ్భై కిలోమీటర్లు పెరుగుతుంది. ఇంధనం పెరుగుతుంది, దానికి తగ్గట్టు సీట్లు తగ్గుతాయి. పైగా అదీ పెద్ద విమానాశ్రయమే. శాంతాక్రూజ్‌లో వద్దనుకున్న కారణాలన్నీ కొన్నేళ్లకు అక్కడా వస్తాయి. తీరం వెంబడి ఉత్తరాన ఎక్కడైనా కొత్త హెలిపోర్టు కడితే ఆలోచించవచ్చు. మనవైపు కృష్ణా-గోదావరి బేసిన్ ఆఫ్‌షోర్‌కు రాజమండ్రి నుంచి హెలికాప్టర్లు నడిచాయి. అక్కడ పెద్ద నగరం ఒత్తిడి లేదు కాబట్టి ఈ గొడవలు అంతగా రాలేదు. కానీ ఆ విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలు పెరిగే కొద్దీ ఈ ప్రశ్న అక్కడా వస్తుంది. కాబట్టి రాజమండ్రి వైపు మీకెవరైనా తెలిసినవాళ్లుంటే, హెలికాప్టర్లకు విడిగా ఆప్రాన్, విడిగా దారి ఇప్పుడే ఉంచుకోమని చెప్పండి.

2024లో పవన్ హన్స్, ఓఎన్‌జీసీ మధ్య ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసే కొత్త తరం ధ్రువ్ హెలికాప్టర్ల కోసం పదేళ్ల ఒప్పందం కుదిరింది. వ్యాపారపరంగా చూస్తే ఇంకా ఒక దశాబ్దం పాటు మనుషుల్ని హెలికాప్టర్లలోనే పంపాలని ఓఎన్‌జీసీ లెక్క వేసుకుందని అర్థం. బాంబే హై (ఇప్పటి పేరు ముంబై హై) పాతదైపోయింది గానీ, పాత ఫీల్డుకు మనుషుల అవసరం తగ్గదు. బావులకు మరమ్మతులు ఎక్కువ, తుప్పు పట్టిన పైపులు మార్చడం ఎక్కువ. కాబట్టి నాకు తెలిసినంతలో జుహు ఇప్పట్లో ఎక్కడికీ పోదు. ఫ్లాట్ కొనే ఆలోచనతో అడిగి ఉంటే మాత్రం, భవనం ఎత్తు అనుమతి కాగితం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.